ఇంట్లోని ఆడకుక్కకు పిల్లలు పెట్టించాలా, ఆపరేషన్ చేయించాలా?

ఆడ లాబ్రడార్‌నో, జర్మన్ షెపర్డ్‌నో, పగ్‌నో పెంచుకుంటున్న ఇంట్లో దానికి ఏడాది నిండేసరికి ఈ ప్రశ్న తప్పనిసరిగా తలెత్తుతుంది. అది మొదటిసారి హీట్‌కు, అంటే ఎదకు, వచ్చి వెళ్లగానే పక్కవీధిలో మగకుక్క ఉన్నవారు క్రాసింగ్, అంటే రెండింటినీ జత కట్టించే సంగతి ఎత్తుతారు. బంధువులు తమకొక పిల్ల కావాలని ముందే చెప్పి పెడతారు. ఒక్క ఈతయినా లేకపోతే దానికి జబ్బు చేస్తుందని ఎవరో ఒకరు భయపెడతారు. అప్పుడు యజమాని ముందు ఉండేవి మూడు దారులు: గర్భసంచి తీయించే ఆపరేషన్ చేయించడం, తగిన జాగ్రత్తలతో పిల్లలు పెట్టించడం, ఏదీ చేయకుండా అలాగే వదిలేయడం. మూడోదాన్ని చాలామంది నిర్ణయంగా భావించరు గానీ, ఎక్కువ ఇళ్లలో జరుగుతున్నది అదే, ఎక్కువ కుక్కలు నష్టపోతున్నదీ దానివల్లే.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. పదిమందిలో తొమ్మిదిమందికి తగినది ఆపరేషనే. పిల్లలు పెట్టించడం తప్పు కాదు, అయితే అది ఆ జాతికీ పుట్టబోయే పిల్లలకూ మేలు చేస్తుందని చూపగలిగినవారు మాత్రమే చేయవలసిన పని. కుక్కకు తల్లి కావాలన్న ముచ్చట ఉంటుందని మనం అనుకోవడం మన మనసులోని మాటే తప్ప దాని ఆరోగ్యానికి సంబంధించినది కాదు. ఒక ఈత ఈనినంత మాత్రాన గర్భసంచి జబ్బులూ రొమ్ము గడ్డలూ ఇక రావని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఆపరేషన్‌తో వచ్చేదీ పోయేదీ

ఈ ఆపరేషన్‌లో అండాశయాలను, సాధారణంగా గర్భసంచిని కూడా తీసేస్తారు. దీనివల్ల కలిగే అన్నిటికన్నా పెద్ద లాభం పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టే వ్యాధి, ఇక రాకపోవడం. ఇది హీట్ ముగిసిన నెల రెండు నెలల్లో, ఎక్కువగా నడివయసు దాటిన కుక్కలకు వస్తుంది. మామూలుకన్నా ఎక్కువగా నీళ్లు తాగడం, తిండి మానేయడం, వాంతులు, వెనకభాగంలో దుర్వాసనతో స్రావం దీని లక్షణాలు. గర్భాశయ ముఖం మూసుకుపోయినప్పుడు స్రావం బయటికి రాదు కాబట్టి, కడుపు ఉబ్బి కుక్క నిలబడలేని స్థితికి వచ్చేదాకా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల వివరాలను పరిశీలించినప్పుడు, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒక వంతు పదేళ్లు వచ్చేలోపు ఈ వ్యాధి బారిన పడుతున్నట్టు తేలింది. అప్పుడూ చేయవలసింది ఇదే ఆపరేషన్, కాకపోతే ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు కుక్కకు బదులు ఒంట్లో విషం పాకిన ముసలి కుక్కకు చేయవలసి వస్తుంది.

రొమ్ము గడ్డల విషయంలో 1969 నాటి ఒక అమెరికా అధ్యయనాన్ని డాక్టర్లు ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు. ఆపరేషన్ చేయని కుక్కకు ఉన్న ముప్పుతో పోలిస్తే, మొదటి హీట్‌కు ముందే చేయిస్తే అది 0.5 శాతానికి, ఒక హీట్ తర్వాత అయితే 8 శాతానికి, రెండు హీట్‌ల తర్వాత అయితే 26 శాతానికి తగ్గుతుందని అందులో తేల్చారు. ఆ అంకెల బలం మీద తర్వాతి పరిశోధకులు సందేహాలు వెలిబుచ్చారు కాబట్టి వాటినే పట్టుకుని ఆరో నెలలోనే తొందరపడవలసిన పని లేదు. ముఖ్యంగా పెద్ద జాతుల్లో ఏడాది నిండకముందే ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతున్నట్టు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ వంటి జాతుల్లో గమనించారు. అందువల్ల పగ్, పొమెరేనియన్ వంటి చిన్న కుక్కలకు మొదటి హీట్‌కు కాస్త ముందో వెనకో, లాబ్రడార్, షెపర్డ్ వంటివాటికి ఏడాది దాటి ఎదుగుదల పూర్తయ్యాక చేయించడం సబబు. హీట్‌లో ఉన్నప్పుడు రక్తస్రావం ఎక్కువవుతుంది కాబట్టి, అది ముగిసిన రెండు మూడు నెలలకు తేదీ పెట్టుకోవాలి.

నష్టాలు లేవని చెప్పడం సరికాదు. ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది, తిండి తగ్గించకపోతే కుక్క లావెక్కుతుంది. కొన్ని పెద్ద కుక్కలకు వయసు మీద పడ్డాక నిద్రలో మూత్రం జారిపోతుంది, దీనికి మందులున్నాయి. మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవలసినది టిక్ ఫీవర్. పిడుదుల వల్ల వచ్చే ఈ జ్వరం బయటికి కనబడకుండానే ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. అటువంటి కుక్కను బల్ల ఎక్కిస్తే రక్తం గడ్డకట్టదు. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేయించమని డాక్టరు అడిగితే దాన్ని అనవసర ఖర్చుగా చూడకూడదు. డాక్టరు అడగకపోతే మనమే అడిగి చేయించాలి. ఖర్చు భారమనుకునేవారికి హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

అలాగే వదిలేస్తే

హీట్ దాదాపు మూడు వారాలు, ఏడాదికి సుమారు రెండుసార్లు. మొదటి వారం పది రోజులు రక్తం కనిపిస్తుంది, అప్పుడు అది మగకుక్కను దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం పలచబడి లేత రంగుకు మారుతుంది. ఇంట్లోవారు అయిపోయిందని ఊపిరి పీల్చుకుని గొలుసు విప్పేది సరిగ్గా అప్పుడే, అది నిజంగా కడుపు కట్టే రోజులూ అవే. గేటు సందులోంచి, పిట్టగోడ మీదినుంచి వీధికుక్క లోపలికి రావడానికి కొన్ని నిమిషాలు చాలు. ఒకసారి అతుక్కున్నాక అవి విడిపోవడానికి పది నిమిషాల నుంచి అరగంట దాకా పడుతుంది. ఆ సమయంలో నీళ్లు కుమ్మరించడం, కర్రతో కొట్టడం, లాగడం వల్ల రెండింటికీ లోపల గాయాలవుతాయి, గర్భం మాత్రం ఆగదు. అవి వాటంతటవి విడిపోయేదాకా ఆగి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

వీధికుక్కతో కలిసినప్పుడు గర్భం ఒక్కటే సమస్య కాదు. టీవీటీ అనే గడ్డ కలయిక ద్వారా ఒక కుక్క నుంచి మరొకదానికి అంటుకుంటుంది, మన వీధుల్లో ఇది విరివిగా ఉంది. హీట్ అయిపోయిన నెలల తర్వాత కూడా బొట్టుబొట్టుగా రక్తం పడుతుంటే దాన్ని మరో హీట్ అనుకుని ఊరుకోవద్దు. లోపల పువ్వులా విచ్చుకున్న ఎర్రటి గడ్డ ఉందేమో డాక్టరు చూడాలి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు నయమవుతుంది గానీ వారం వారం తిప్పాలి.

హీట్ రాకుండా ఇచ్చే హార్మోను ఇంజెక్షన్ చవకైన ఉపాయంగా కొందరికి తోస్తుంది. గర్భసంచికి చీము పట్టించడంలో, రొమ్ము గడ్డలు పెంచడంలో దాని పాత్ర స్పష్టంగా తెలిసినదే కాబట్టి దాన్ని ఈ పోలికలో ఒక ఎంపికగా నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. కుక్కను వదిలేయాలనుకుంటే, ఏటా రెండుసార్లు మూడేసి వారాలు తలుపు వేసి కాపలా కాయగల ఇల్లు ఉండాలి, పయోమెట్రా లక్షణాలు ఆ ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. పెద్ద జాతి కుక్కకు ఎదుగుదల పూర్తయ్యేదాకా వేచి ఉండటానికి ఈ దారి పనికివస్తుంది, జీవితమంతా పాటించడం మాత్రం కష్టం.

పిల్లలు పెట్టించాలనుకుంటే

ఇక్కడ మొదట అడగవలసినది కుక్కకు ఆడపిల్లలు ఎంతమంది, మగపిల్లలు ఎంతమంది పుడతారని కాదు, పుట్టిన ఏడెనిమిది పిల్లలు పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటాయని. లాబ్రడార్ ఒక ఈతలో అన్ని పెట్టడం మామూలే. పిల్ల కావాలన్న బంధువుల్లో సగం మంది ఎనిమిదో వారం నాటికి వెనక్కి తగ్గుతారు, అద్దె ఇంటివారు ఒప్పుకోలేదంటారు, పరీక్షలున్నాయంటారు. క్రాసింగ్‌కు ముందే కనీసం నాలుగైదు ఇళ్లు ఖాయం కాకపోతే, ఎవరైనా పెంచలేక తిరిగి ఇస్తే ఆ కుక్కను ఏ వయసులోనైనా మళ్లీ తీసుకోగలనని యజమాని మాట ఇవ్వలేకపోతే, ఇక మిగతా విషయాలు చర్చించనక్కరలేదు. అపార్టుమెంట్ల బయట, ఊరి చివర రింగురోడ్ల పక్కన వదిలేసిన జాతికుక్కలు ఇటువంటి ఇళ్లలో పుట్టినవే.

చట్టం కూడా ఉంది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం అమ్మకానికి కుక్కలను ఈనించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకముందు గానీ, 8 ఏళ్లు దాటాక గానీ పిల్లలు పెట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో అయిదు ఈతలు మించకూడదు. 8 వారాలలోపు పిల్లలను అమ్మకూడదు. ఇవి దాటకూడని హద్దులే తప్ప అందుకోవలసిన లక్ష్యాలు కావు. లాబ్రడార్ తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో ఎక్స్‌రేలో నమ్మకంగా తేల్చి చెప్పేది రెండేళ్లు నిండాకనే. అందుకని 18 నెలలకే చట్టం ఒప్పుకున్నా ఆ జాతికి అది తొందరపాటే. అయిదు ఈతలు కాదు, రెండింటితో ఆపేయడం మేలని నా నమ్మకం.

జాతిని బట్టి కూడా జవాబు మారుతుంది. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఉన్నవారికి నా సలహా నిస్సంకోచంగా వద్దనే. ముక్కు అణిగిపోవడం వల్ల వాటికి ఊపిరే భారం, మన ఏప్రిల్, మే నెలల ఎండల్లో అది ప్రాణం మీదికి వస్తుంది. బ్రిటన్‌లో 2010లో ప్రచురితమైన పరిశీలనలో బుల్‌డాగ్‌లకు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు 80 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్‌తోనే జరిగినట్టు కనబడింది. నార్వే సుప్రీంకోర్టు 2023లో కవలియర్ కింగ్ చార్లెస్ స్పేనియల్ జాతిని అదే జాతితో ఈనించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తేల్చిందంటే, జాతి స్వచ్ఛత పేరుతో జబ్బును కూడా వారసత్వంగా అందించడాన్ని న్యాయస్థానాలు సైతం ప్రశ్నించే స్థితి వచ్చిందన్నమాట.

దీనికి పూర్తిగా భిన్నమైనది మన దేశీ జాతుల సంగతి. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను తోలడానికి వాడిన జోనంగిని తీసుకోండి. పొట్టి నున్నటి వెంట్రుకలు, మామూలు కుక్కల్లా మొరగకుండా సాగదీసి కూసే గొంతు దాని గుర్తులు. ఇప్పుడు స్వచ్ఛమైనవి తక్కువగా మిగిలాయి. అటువంటి ఆరోగ్యకరమైన ఆడకుక్క ఎవరి దగ్గరైనా ఉంటే, దాన్ని ఆలోచించకుండా ఆపరేషన్‌కు తీసుకువెళ్లమని నేను చెప్పను. అయితే సంఖ్య తక్కువైన జాతుల్లో అన్నాచెల్లెళ్లను, తండ్రీకూతుళ్లను కలిపే ప్రమాదం ఎక్కువ కాబట్టి, వేరే ఊరి మగకుక్క కోసం వెతికే శ్రమ తప్పదు. తెల్లటి రాజపాళయం జాతిలో చెవుడు పుట్టుకతో వచ్చే సమస్యగా తెలిసినదే, అక్కడ తల్లిదండ్రులిద్దరికీ వినికిడి పరీక్ష ముందు.

మగకుక్కను ఎంచుకునేటప్పుడు

మన ఊళ్లలో ఈ ఎంపిక సాధారణంగా మూడు రకాలుగా జరుగుతుంది. మొదటిది దగ్గరలో ఉన్న తెలిసినవారి కుక్క. స్వభావం మనకు ముందే తెలుసు, ప్రయాణం లేదు, అయితే రెండూ ఒకే అమ్మకందారు దగ్గర కొన్నవైతే దగ్గర చుట్టాలయ్యే అవకాశం ఎక్కువ. రెండోది షోలలో పతకాలు గెలిచిన పేరున్న మగకుక్క. దానికి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్లు ఉంటాయి, పిల్లలకు మంచి ధర వస్తుంది. పేపర్లు వంశాన్ని చెబుతాయి, కీళ్లనూ కళ్లనూ గురించి ఏమీ చెప్పవు. పైగా ఒకే మగకుక్కను ఊరంతా వాడితే, దానిలో దాగిన లోపం రెండు తరాల్లో ఊరంతా పాకుతుంది. మూడోది పతకాలున్నా లేకపోయినా పరీక్షలు చేయించిన మగకుక్క. ఇది దొరకడమే కష్టం, బెంగళూరుకో చెన్నైకో వెళ్లవలసి రావచ్చు. నేనైతే మూడోదాన్నే ఎంచుకుంటాను, అది దొరకనప్పుడు మొదటిదానికి మనమే ఖర్చు పెట్టి పరీక్షలు చేయించి ముందుకు వెళ్లడాన్ని రెండోదానికన్నా మెరుగనుకుంటాను.

లాబ్రడార్‌కు తుంటి, మోచేయి ఎక్స్‌రేలు, కళ్ల పరీక్ష, పీఆర్‌ఏ అనే చూపు పోయే వ్యాధికీ, ఎక్కువ పరుగెత్తితే కూలబడిపోయే ఈఐసీ లోపానికీ జన్యుపరీక్షలు చూడాలి. జన్యుపరీక్ష ఫలితాన్ని చదవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. క్యారియర్, అంటే తనకు జబ్బు లేకుండా లోపాన్ని మోసేది, అని రాగానే ఆ కుక్క పనికిరాదనుకుంటారు. ఈ రెండు వ్యాధులూ తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందితేనే వస్తాయి కాబట్టి, క్యారియర్‌ను లోపం లేనిదానితో కలిపితే ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు, సగటున సగం పిల్లలు మాత్రం క్యారియర్లవుతాయి. ఇద్దరు క్యారియర్లను కలపడమే నివారించవలసింది. వీటితోపాటు గర్భస్రావాలకు కారణమయ్యే బ్రూసెల్లా పరీక్ష, టిక్ ఫీవర్ పరీక్ష రెండు కుక్కలకూ చేయించాలి. కారణం లేకుండా కరిచే కుక్కకు, పిడుగు శబ్దానికో టపాసులకో గంటల తరబడి వణికిపోయే కుక్కకు మిగతావన్నీ బాగున్నా పిల్లలు పెట్టించకూడదు, భయం కూడా వారసత్వంగా వస్తుంది.

క్రాసింగ్ ఇచ్చినందుకు మగకుక్క యజమాని ఒక పిల్లను తీసుకోవడం మన దగ్గర వాడుక. ఈతలో ఒక్కటే పుడితే ఎవరిది, ఏదీ పుట్టకపోతే మళ్లీ క్రాసింగ్ ఇస్తారా అన్నవి ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది. ఆ పిల్లను ఎనిమిది వారాలు నిండకముందు తీసుకువెళ్లకూడదన్న మాట కూడా అందులో ఉండాలి.

రోజులు లెక్కపెట్టి పన్నెండో రోజో పద్నాలుగో రోజో తీసుకువెళ్లే అలవాటు కన్నా రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పరీక్ష నమ్మదగినది. అండం విడుదలైన రోజు తెలిస్తే కాన్పు అక్కడినుంచి సుమారు 63 రోజులకు అని చెప్పవచ్చు, తేదీ దాటితే ఆందోళన పడాలా ఆగాలా అన్నదీ తెలుస్తుంది. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మార్చి మొదట్లో క్రాసింగ్ చేయిస్తే పిల్లలు మే మొదట్లో పుడతాయి. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఆ ఎండల్లో పాలిచ్చే తల్లి తల్లడిల్లిపోతుంది. అప్పుడు హీట్ వస్తే ఆ విడత వదిలేసి చలికాలానికి ఆగడం మేలు.

25వ రోజు దాటాక స్కానింగ్, 55వ రోజు దాటాక ఎక్స్‌రే. ఎక్స్‌రేలో తలలు లెక్కపెట్టి ఎన్ని పిల్లలో తెలుసుకుంటేనే కాన్పు నాడు అన్నీ బయటికి వచ్చాయో లేదో తెలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం టానిక్కులు పోయడం చాలా ఇళ్లలో చూస్తాం. దానివల్ల శరీరం తన ఎముకల నుంచి కాల్షియం తీసుకునే అలవాటు తప్పి, కాన్పయిన రెండు మూడు వారాలకు తల్లి వణికి కుప్పకూలే ప్రమాదం పెరుగుతుంది. కుక్కపిల్లల కోసం తయారుచేసిన నాణ్యమైన ఫుడ్ తల్లికి పెడితే చాలు, టానిక్కు డాక్టరు చెబితేనే ఇవ్వాలి.

చివరి వారం రోజుకు రెండు మూడుసార్లు జ్వరం కొలవాలి. మామూలుగా 101 డిగ్రీల చుట్టూ ఉండేది 99 కన్నా తగ్గితే సాధారణంగా 24 గంటల్లో కాన్పు. మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చని స్రావం కనిపించినా, గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, ఇంకా పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలు దాటినా ఇంటి వైద్యం చేయకూడదు. అర్ధరాత్రి ఫోను తీసే డాక్టరు ఎవరో, సిజేరియన్ చేసే చోటు ఎక్కడో, బండి ఎవరిదో కాన్పుకు వారం ముందే ఖాయం చేసుకోవాలి. ఈ ఏర్పాటు లేని ఊళ్లో పిల్లలు పెట్టించడం తల్లి ప్రాణంతో పందెం కట్టడమే.

పుట్టిన పిల్లలను వంటింటి తక్కెడలో రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవాలి. ఎనిమిది పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి, ఒక్క రోజు తగ్గినా ఆ పిల్లను ముందు పాలకు పెట్టి డాక్టరుకు చూపించాలి. రెండో వారం నుంచి పదిహేను రోజులకోసారి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా మనుషుల స్పర్శ, మిక్సీ చప్పుడు, చీపురు, పిల్లల కేకలు అన్నీ పరిచయం కావాలి. ఇంట్లో ఒకరు ఉద్యోగానికి రెండు నెలలు సెలవు పెట్టగలిగితేనో, పెద్దవారు ఇంట్లో ఉంటేనో ఇది సాధ్యం. పరీక్షలు, సిజేరియన్, ఎనిమిది పిల్లల టీకాలు, తిండి లెక్కవేస్తే మిగిలేది చాలా తక్కువ. లాభం బాగా మిగిలిందంటే ఈ ఖర్చుల్లో ఏదో ఒకటి ఎగ్గొట్టారని అర్థం.

ఎవరికి ఏది

అపార్టుమెంటులో ఇద్దరూ ఉద్యోగం చేసే దంపతులకు, పేపర్లు లేని జాతికుక్కకు, పగ్‌లకు, స్వభావంలో భయమో కోపమో ఉన్నవాటికి ఆపరేషన్. పెద్ద జాతి కుక్కను రెండేళ్లు నిండేదాకా జాగ్రత్తగా కాపాడుకుని, ఆ తర్వాత తుంటి ఎక్స్‌రే తీయించి నిర్ణయించడం మంచిది. ఎక్స్‌రేలో లోపం కనబడితే అదే మత్తులో గర్భసంచి కూడా తీయించవచ్చు. పరీక్షలన్నీ బాగుండి, ఇళ్లు సిద్ధంగా ఉండి, అర్ధరాత్రి వైద్యం అందుబాటులో ఉన్నవారు రెండున్నర, మూడేళ్ల వయసులో మొదటి ఈతకు వెళ్లవచ్చు.

అయిదారేళ్లు వచ్చినా ఇంతవరకు ఒక్క ఈతా లేని కుక్కకు ఇప్పుడైనా పిల్లలు పెట్టిద్దామా అని కొందరు అడుగుతారు. ఆ వయసులో తొలి కాన్పు కష్టమయ్యే అవకాశం ఎక్కువ, ఈతలో పిల్లలూ తక్కువే ఉంటాయి, అందుచేత వద్దు. పయోమెట్రా వయసు దగ్గరపడుతోంది కాబట్టి వచ్చే హీట్ దాకా ఆగకుండా, రక్తపరీక్షలతో పాటు రెండు వైపులా రొమ్ముల వరుస మొత్తం డాక్టరు చేత తడిమి చూపించి, గడ్డ ఏదైనా తగిలితే ఆపరేషన్‌తో పాటే దాన్నీ తీయాలో వద్దో ముందే మాట్లాడుకోవాలి.